కుంకుడు నురగలో కడిగిన కాలిఫోర్నియా కాసులు

కార్తీక మాసం చివరి సోమవారం తెల్లవారుజామున భవానీపురంలో మా ఆచారిగారు పోయారు. నేను పనిచేసే కంకిపాడు హైస్కూల్లో, హెడ్మాస్టారి గదిలోని ఫోనుకి కబురొచ్చింది. ఆయన చిన్నమ్మాయి మాట్లాడింది. "నాన్న లేరమ్మా. నిద్రలోనే" అని పెట్టేసింది. తొమ్మిదో తరగతి పిల్లలకు సగం చెప్పిన పాఠం బోర్డు మీద అలాగే వదిలేసి బస్సెక్కాను.

ఇది ఇప్పుడే రాయాల్సిన కారణం ఒకటి ఉంది. ఆచారిగారి దగ్గర ఏడు బంగారు నాణేలున్నాయి. నూటయాభై ఏళ్ళకు పైగా కిందట అమెరికాలో ప్రభుత్వంతో సంబంధం లేకుండా మామూలు మనుషులు తమ ఇళ్ళలో, దుకాణాల్లో పోసిన నాణేలవి. ఫిబ్రవరి మొదటి వారంలో వాటిని కరిగించబోతున్నారు. కరిగాక చేయగలిగింది ఏమీ ఉండదు. అవేమిటో, వాటిని దాచిన మనిషి ఎలాంటివాడో తెలిస్తే మీలో ఎవరైనా ఆపగలరని నా నమ్మకం. ఏడుస్తూ రాయాలనే కూర్చున్నాను గానీ, ఆ నాణేల సంగతి మొదలుపెడితే నాకు సంబరమే ముందు వస్తుంది. ఆయనకీ అంతే.

ఆచారిగారిది కంసాలి పని. మా వీధి మలుపులో చిన్న పెంకుటిల్లు, ముందు అరుగు, అరుగు మీద కుంపటి, ఊదుగొట్టం, గాజు పెట్టెలో త్రాసు. మా నాన్న కృష్ణలో వల వేస్తాడు. అమ్మ ఆ చేపలను బుట్టకెత్తుకుని వీధివీధీ తిరిగి అమ్ముతుంది. మా ఇంట్లో నాకు ముందు బడి గడప తొక్కినవాళ్ళు లేరు. ఆచారిగారింట్లో నీచు ముట్టరు. అయినా పొద్దుటిపూట వీధి మొత్తానికి నీడ ఉండేది ఆ అరుగు ముందే కాబట్టి అమ్మ అక్కడే బుట్ట దించి ఊపిరి తీసుకునేది.

"బుట్ట కాస్త దూరంగా పెట్టవమ్మా. నా కుంపటి చూస్తే నీ చేపలు బెదిరిపోతాయి" అనేవారాయన.

"చచ్చినవాటికి భయమేంటండి ఆచారిగారూ" అనేది అమ్మ.

నాకు ఇంగ్లీషు వాచకం కొత్తగా చేతికొచ్చిన ఏడాది అది, తొంభైల మొదట్లో. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అమ్మ పక్కన కూర్చున్నాను. ఆయన తలెత్తి చూశారు.

"ఏమే, ఇంగ్లీషు అక్షరాలొచ్చా?"

"వచ్చండి. పెద్దవీ చిన్నవీ కూడా."

"మాటలో?"

"అవింకా రాలేదండి."

ఆయన పకపకా నవ్వి, "అక్షరాలొస్తే చాల్లే, ఇలా రా" అని పిలిచారు. ఇనప్పెట్టెలోంచి తీసిన పొట్లం విప్పి, కందిపప్పు బద్ద కంటే కాస్త పెద్దదాన్ని నా అరచేతిలో పెట్టారు. బంగారం! గుండ్రంగా లేదు, ఎనిమిది పలకలుంది. తన కంటికి బిగించుకునే భూతద్దం నా కంటికి పెట్టారు. ఒక్కసారిగా ఆ బద్ద పళ్ళెమంత అయింది. ఒక ఆడమనిషి తల, చుట్టూ నక్షత్రాలు. తిప్పితే అక్షరాలు. ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివాను.

"కా-లి-ఫోర్-ని-యా, అనండి."

"అంటే?"

"ఊరు పేరండి. అమెరికాలో అనుకుంటానండి."

"అనుకుంటే కాదు. కనుక్కుని రా."

మర్నాడు బడిలో సోషల్ మాస్టారిని అడిగి, గోడ మీద ప్రపంచ పటంలో వేలు పెట్టి చూసి, బడి వదలగానే పరుగు. "ఆచారిగారండీ, అమెరికాలోనే ఉందండీ! ఎడమ చివర, సముద్రం పక్కన!" అని వీధి మలుపు నుంచే అరిచాను. ఆయన చేతిలో పట్టకారు అలాగే ఉండిపోయింది. "మా తాత దీన్ని రంగూన్ కాసు అనేవాడే" అన్నారు. నా పన్నెండేళ్ళ బతుకులో నేను కనుక్కొచ్చిన విషయం కోసం ఒక పెద్దమనిషి పని ఆపి వినడం అదే మొదలు.

రంగూన్ సంగతి ఇది. ఆయన తాతల కాలంలో డెల్టా నుంచి కూలికీ వ్యాపారానికీ రంగూన్ వెళ్ళినవాళ్ళు, అక్కడి రేవులో ఏ దేశపు బంగారం దొరికితే అది కొని నడుముకు కట్టుకుని తెచ్చేవారట. ఇక్కడికి వచ్చాక కంసాలికిచ్చి కరిగించి నగ చేయించుకునేవారు. కంసాలికి ఏ కాసైనా ఒకటే, కరిగించే మూసలో పడితే బంగారమే. ఆచారిగారి తాతా, తండ్రీ అలాగే కరిగించారు. ఈయన మాత్రం కుర్రతనంలోనే ఒక కాసు దగ్గర ఆగిపోయారు.

"రాణి కాసు మీద రాణి ఉంటుంది, జార్జి కాసు మీద జార్జి ఉంటాడు. దీని మీద ఏ రాజు పేరూ, రాణి పేరూ లేదే! మరి ఇది మంచి బంగారమని పూచీ ఎవరిది?" ఆ ప్రశ్న ఆయన్ను వదల్లేదు. ఆ కాసు తెచ్చినవాళ్ళకు అంతే బరువు బంగారం తనది ఇచ్చి దాన్ని ఉంచేసుకున్నారు. ఎత్తుకు ఎత్తు. ఆ తరువాత అలాంటివి ఎప్పుడు వచ్చినా అదే పద్ధతి. ఏళ్ళ మీద ఏడు పోగయ్యాయి. అన్నిటికన్నా చిన్నది రెండు గురివింద గింజల ఎత్తు కూడా ఉండదు. అత్తయ్యగారు, అంటే ఆయన భార్య, లోపలి నుంచి దెప్పుతూ ఉండేవారు: "అందరి దుకాణాల్లోకీ బంగారం వస్తుంది. మీ దుకాణంలోంచి పోతుంది."

అప్పటి నుంచి నాకు రోజూ ఒక పని. ఊళ్ళో లైబ్రరీలో నాణేల మీద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటుంది. ఇంటికివ్వరు. నేను అక్కడే కూర్చుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని, అర పేజీ చదివి, నోటుబుక్కులో తెలుగులో రాసుకుని వచ్చి అరుగు మీద వినిపించేదాన్ని. ఆ అర పేజీ కోసం ఆయన సీరియల్ కోసం చూసినట్టు ఎదురుచూసేవారు. కాలిఫోర్నియా ఏటి ఇసుకలో బంగారం దొరికిందనీ, జనం విరగబడ్డారనీ, సర్కారు టంకశాల దేశానికి ఆ చివర ఎక్కడో ఉందనీ, అంగట్లో చిటికెడు బంగారపు పొడి ఇచ్చి సరుకు తెచ్చుకునేవారనీ చదివితే ఆయన ఆగలేకపోయారు.

"ఎవడి చిటికెడు? లావు వేళ్ళవాడికీ సన్న వేళ్ళవాడికీ ఒకటే చిటికెడా?"

"అందుకే కొట్లవాళ్ళు లావు వేళ్ళవాళ్ళని పనిలో పెట్టుకునేవారంటండి."

ఆయన కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

అసలు కబురు నేను తొమ్మిదో తరగతిలో ఉండగా తెలిసింది. ఆయన ఏడింటిలో ఒకదాని మీద బొమ్మే లేదు. రెండువైపులా అక్షరాలే. ఒక మనిషి పేరు, ఇన్ని క్యారెట్లు, ఇంత బరువు. అది కాలిఫోర్నియాది కాదు, అంతకన్నా ముందే అమెరికా తూర్పు వైపు కొండల్లో పోసింది. ఎన్ని జేబులు మారి రంగూన్ చేరిందో. లైబ్రరీ పుస్తకంలో దాని బొమ్మ కనబడగానే నేను కుర్చీలోంచి లేచిపోయాను. లైబ్రేరియన్ గారు కసురుకున్నారు కూడా.

"ఎవరు పోశారంట?" అన్నారు ఆచారిగారు.

"కంసాలాయనంటండి."

"ఏంటీ?"

"నగలూ గడియారాలూ చేసే ఆయనంటండి. కొండల్లోవాళ్ళు బంగారం తెచ్చిస్తే కరిగించి కాసులు పోసిచ్చేవాడంట. రాజు బొమ్మ బదులు తన పేరే వేసేవాడంట."

ఆయన లేచి నిలబడ్డారు. ఊదుగొట్టం దొర్లి అరుగు కింద పడింది. "ఏమేవ్, విన్నావా! అమెరికాలో కంసాలి పేరు మీద కాసు చెల్లిందంట!"

లోపలి నుంచి అత్తయ్యగారు: "ఇక్కడ కంసాలి పేరు మీద కిరసనాయిలు కూడా రావడంలేదు. కార్డు తీసుకుని బయల్దేరండి."

ఆయన బయల్దేరలేదు. తల్లి బంగారంలోనైనా కంసాలి చెయ్యి పెడతాడని మనకొక సామెత ఉంది. జీవితమంతా ఆ మాట పడ్డ మనిషి. గొలుసు చేయించుకునేవాళ్ళు ఎదురుగా కూర్చుని ఆయన వేళ్ళకేసే చూస్తుంటే, తల వంచుకుని పనిచేసిన మనిషి. ఆ రోజు గీటురాయి తీసి ఆ పేరున్న కాసు అంచుతో ఒక గీత గీశారు. దాని పక్కనే అన్నే క్యారెట్ల తన మచ్చు బంగారంతో గీత. ఆమ్లం చుక్క వేసి ఊపిరి బిగబట్టి చూశారు. రెండు గీతలూ ఒకేలా నిలబడ్డాయి. కాసు మీద ఎన్ని క్యారెట్లని రాసుందో రాయి మీదా అన్నే. "నిలబడ్డాడే!" అన్నారు. తనకు పేరు కూడా సరిగా పలకరాని మనిషి గురించి, సొంత అన్నదమ్ముడు పరీక్ష పాసైనట్టు. ఆ ఊపులో మిగతా ఆరూ గీశారు. ఒకటి బాగా తగ్గింది. "వీడు మాత్రం మన సామెతలోవాడే" అని దాన్ని వేరే పొట్లంలో కట్టారు. తరువాత జాలిపడి మళ్ళీ మిగతావాటితో కలిపేశారు.

పదో తరగతి అయ్యాక నాన్న నన్ను మాన్పించేద్దామనుకున్నాడు. ఆచారిగారు ఎన్నడూ రేవుకి వచ్చిన మనిషి కాదు. ఆ రోజు పంచె ఎగ్గట్టుకుని, ఆరబెట్టిన వలలను దాటుకుంటూ పడవ దాకా వచ్చారు.

"మీ పిల్ల మానేస్తే నాకు అమెరికా ఉత్తరాలు ఎవరు చదువుతారయ్యా?"

"మరి నా వలలకి చిల్లులు ఎవరు కడతారండి?" అన్నాడు నాన్న.

"నాకు నేర్పు. నేను కడతాను. సన్నపనే కదా."

ఆచారిగారు నిజంగానే కూర్చుని వల అల్లే నూలుబద్ద చేతిలోకి తీసుకున్నారు. గంటసేపటిలో మూడు వల కళ్ళు కట్టారు, మూడూ వంకరే. నాన్న వాటిని విప్పుతూ, "తమరు రేపట్నుంచి రావద్దండి బాబూ. పిల్లని పంపిస్తాను కాలేజీకి" అన్నాడు.

అమెరికా ఉత్తరాలన్నది అబద్ధం కాదు. పాత పత్రికలో ఒక నాణేల వ్యాపారి చిరునామా దొరికితే రాయడం మొదలుపెట్టాం. ఆయన చెప్పేవారు, నేను ఇంగ్లీషులో పెట్టేదాన్ని. జవాబుకి రెండు మూడు నెలలు పట్టేది. కూరగాయల పేర్లు ఇంగ్లీషులో రాకముందే నాకు నాణెం అంచునీ, అచ్చులో పగులునీ, అరుగుదలనీ ఏమంటారో వచ్చు. ఒక వాక్యాన్ని నాలుగుసార్లు కొట్టేసి రాస్తే ఆయన కలం పట్టుకునేవారు. "చాలే, ఇంక రుద్దకు." ఆ మాట ఆయనకు ఎలా అలవాటైందో చెప్పాలి. అది చెప్పడమే నాకు కష్టం.

ఆ వ్యాపారి ఒకసారి నాణేల ఫోటోలు పంపమన్నాడు. మాకు పండగే. స్టూడియోకి వెళ్ళే ముందు రోజు ఆచారిగారు కుంకుడుకాయలు కొట్టి వేన్నీళ్ళలో నానబోశారు. మన దగ్గర ఏ నగైనా పెళ్ళికి తీసే ముందు కుంకుడు నురగలో వేసి కుంచెతో తోముతాం, మీకు తెలిసిందే. "అమెరికావాడికి మురికి కాసులు చూపిస్తామా?" అన్నారు. తోమింది నేను. పాత పళ్ళబ్రష్షుతో, ఒక్కొక్కటీ, అక్షరాల సందుల్లోకి పోయి మరీ తోమాను. వందేళ్ళుగా పట్టిన ఎరుపూ నలుపూ అరగంటలో నురగలో కలిసిపోయాయి. తెల్లటి గుడ్డ మీద పరిస్తే ధగధగలాడాయి. "పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయే!" అన్నారాయన. ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో మేమిద్దరం కూడా మెరిసిపోతున్నాం.

జవాబు వచ్చింది. నేను అరుగు మీద కూర్చుని చదవడం మొదలుపెట్టి మధ్యలో ఆగాను.

"ఏమన్నాడే?"

"శుభ్రం చేశారు అంటున్నాడండి."

"చేశాం మరి. మెచ్చుకున్నాడా?"

"లేదండీ. పాడు చేశారంటున్నాడు. ఆ మరకే వాటి వయసంట. అది పోతే ఇంక కొనేవాళ్ళెవరూ ఉండరంట. వట్టి బంగారం ధరే వస్తుందంట."

"శుభ్రం చేస్తే పాడవడమేంటే? వాడికి మతిపోయిందా?" అన్నారు గానీ, భూతద్దం కంటికి బిగించుకుని ఏడింటినీ మళ్ళీ చూశారు. చాలాసేపు చూశారు. "నిజమేనే. ఆడమనిషి చెంప మీద సన్న గీతలు పడ్డాయి. అన్నీ ఒకే వాటం. నీ చెయ్యి ఎడమ నుంచి కుడికి పోతుందని కూడా తెలుస్తోంది."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఏడవకే. కుంకుళ్ళు నానబోసింది నేను. నలభయ్యేళ్ళు జనానికి మెరుగు పెట్టి ఇచ్చాను. మెరుగు పెట్టకుండా వదిలెయ్యడం కూడా పనేనని నాకెవరు చెప్పారు?" అన్నారు. కాసేపటికి ఆయనకే నవ్వొచ్చింది. "పోన్లే. ఇంక వీటిని అమ్మెయ్యమని మీ అత్తయ్య పోరదు."

నిజంగానే ఆ తరువాత అమ్మకం మాట రాలేదు. నాణేలను చూడడం మాత్రం ఎక్కువైంది. నేను డిగ్రీకి వెళ్ళాను, బి.ఇడి. చేశాను, ఉద్యోగం వచ్చింది. అత్తయ్యగారు పోయారు. ఆయన చూపు మందగించింది. ప్రతి ఆదివారం కంకిపాడు నుంచి వెళ్తే ముందు చేతులు కడుక్కోమనేవారు. పని మానేసి ఏళ్ళయినా, ఆ నీళ్ళు పారబోయకుండా పళ్ళెంలో పట్టి ఆరబెట్టేవారు, అందులో బంగారపు రజను ఉంటుందన్నట్టు. తరువాత ఏడూ ఒళ్ళో పోసుకుని, అంచులు తడిమి, ఏది ఏదో చెప్పేవారు. ఒక్కసారీ తప్పలేదు. కిందటి భాద్రపదంలో నేను కొత్తగా చదివిన సంగతి ఒకటి చెబుతూ "అనుకుంటానండి" అన్నాను. ఎనభై దాటిన మనిషి మంచం మీద నుంచి లేవబోయారు. "కనుక్కుని రా!"

కనుక్కోవడానికి రెండు నెలలు పట్టింది. వచ్చే ఆదివారం వెళ్ళి చెబుదామనుకున్నాను. సోమవారమే ఫోనొచ్చింది.

పెద్దకర్మ రోజున ఆయన ఇద్దరు కూతుళ్ళూ ఆ పొట్లం విప్పారు. ఫిబ్రవరిలో ఆయన మనవరాలి పెళ్ళి. ఈ ఏడింటినీ కరిగించి తాళిబొట్లు పోయిస్తామన్నారు. నేను నోరు జారాను, "అక్కా, నాన్నగారి నాణేలు కరిగిస్తారా?" అని. పెద్దక్కకు కోపం రాలేదు. "నీకవి నాణేలమ్మా. మాకు మా నాన్న. ఆయన చేతి బంగారం నా కూతురి మెళ్ళో ఉండాలి. తప్పా?" అంది. తప్పు కాదు. ఎవరికైనా అమ్ముదామన్నా వట్టి బంగారం ధరేనని ఆ అమెరికా ఉత్తరం వాళ్ళకూ తెలుసు. ఆ ఉత్తరం అలా రావడానికి కారణం నా చెయ్యి.

దారి చూపించింది చిన్నక్క. "నాన్న ఈ కాసులన్నీ ఎత్తుకు ఎత్తు ఇచ్చి తెచ్చుకున్నవే కదక్కా. అలా ఎవరైనా ఇస్తే ఆ బంగారం కూడా నాన్నదే అవుతుంది" అంది. పెద్దక్క ఆలోచించి సరేనంది. ఎంత బరువుకు అంత బరువు మంచి బంగారం ఇస్తే నాణెం ఇచ్చేస్తారు. పైన ఒక్క రూపాయి వద్దు. ఫిబ్రవరి మొదటి వారం లోపల ఎవరూ విడిపించనివి మూసలోకి పోతాయి.

రెండు బయటపడ్డాయి. కంసాలి పేరున్న కాసుకి నా మెళ్ళో గొలుసు సరిపోయింది. అన్నిటికన్నా చిన్నదాన్ని, ఎనిమిది పలకలదాన్ని, విడిపించింది మా అమ్మ. నేను అడగలేదు. ఒక పొద్దున సబ్బు రాసుకుని ముక్కుపుడక లాగి నా చేతిలో పెట్టింది. "ఆ ముసలాయన నిన్ను మీ నాన్న పడవలోంచి లాగి ఒడ్డున పడేశాడు. దానికిది ఎత్తుకు ఎత్తు కాదులే గానీ, పట్టుకెళ్ళు." త్రాసులో ముక్కుపుడకే ఎక్కువ తూగింది. మిగిలిన తునక తిరిగి ఇవ్వబోతే అమ్మ పుచ్చుకోలేదు.

ఇంకా ఐదున్నాయి. పెద్దది రెండు కాసుల ఎత్తు, అంటే పదహారు గ్రాములు, మిగతావి చిన్నవే. నాలుగు కాలిఫోర్నియావి, ఒకటి ఆయన నవ్వుతూ వేరే పొట్లం కట్టిన తక్కువ క్యారెట్ల కాసు. దాన్నీ వదులుకోవడం నాకు ఇష్టం లేదు. ఏ మ్యూజియమైనా ఐదింటినీ తీసుకుంటే నా దగ్గరున్న రెండూ కూడా ఇచ్చేస్తాను. ఐదుగురు ఐదిళ్ళలో ఉంచుకుంటామన్నా సరే, ఏది ఎక్కడుందో రాసి పెట్టుకుంటాను. ఒక్కటే కోరిక, తీసుకున్నాక కడగొద్దు.

జనవరి ఇరవయ్యో తేదీలోగా ఈ పత్రిక చిరునామాకి ఒక కార్డు రాయండి. మీరు భవానీపురంవాళ్ళయితే కార్డు కూడా అక్కర్లేదు. పుడక తీసిన కుట్టు పూడిపోకుండా ముక్కులో చీపురు పుల్ల ముక్క పెట్టుకుని, పొద్దున్నే చేపల బుట్టతో ఒకావిడ మీ గుమ్మం ముందుకు వస్తుంది. ఆవిడకి చెప్పండి.